కూలి పట్టీ ఎవరి చేతిలో ఉంది

అర్థశాస్త్రంలో సూత్రాధ్యక్షుడి మీద ఒక అధ్యాయం ఉంది. రాజు తరఫున నూలు వడికించే అధికారి అతడు. అతడి కింద వడికేవాళ్లు వితంతువులు, అంగవైకల్యం ఉన్న ఆడవాళ్లు, దిక్కులేని కన్నెలు, జరిమానా కట్టలేక కష్టం చేసి తీర్చుకునేవాళ్లు, వయసుడిగిన రాజదాసీలు, గుడి కొలువు మానిన దేవదాసీలు. బతకడానికి ఇంకో దారి లేనివాళ్లన్నమాట. వడికిన నూలు తామే తెచ్చి ఇచ్చే స్త్రీలు తెల్లవారుజామున రావాలని, అక్కడ నూలు పరీక్షించడానికి సరిపడేంత దీపమే ఉండాలని ఆ గ్రంథం చెబుతుంది. వచ్చినామె ముఖంలోకి చూసినా, పనికి సంబంధం లేని మాట మాట్లాడినా అధికారికి ప్రథమ సాహస దండం పడుతుంది. ఇక్కడివరకు చాలామంది చెప్పుకుంటారు, ప్రాచీనుల మర్యాదకు గుర్తుగా. ఆ వెంటనే వచ్చే సంగతిని మాత్రం తక్కువమంది పట్టించుకుంటారు. కూలి ఇవ్వడంలో జాప్యం చేస్తే మధ్యమ సాహస దండం, అంటే చూపుకు వేసినదానికంటే పెద్ద జరిమానా. చేయని పనికి కూలి ఇచ్చినా అంతే. చూపు, మాట, ఆపిన కూలి, అప్పనంగా ఇచ్చిన కూలి, ఈ నాలుగింటినీ ఒకే వరుసలో పేర్చినవాడికి పని చేయించేవాడి స్వభావం బాగా తెలుసు. ఆపిన కూలి బెదిరింపు అవుతుందని, ఊరికే ఇచ్చిన కూలి ఎర అవుతుందని తెలిసినవాడే అలా రాయగలడు.

అదే గ్రంథంలో దాసులు, పనివాళ్ల గురించి చెప్పే చోట మరో నియమం కనిపిస్తుంది. తాకట్టులో ఉన్న దాదిని, పరిచారికను, సగం పాలుకు సేద్యం చేసే స్త్రీని యజమాని చెరిస్తే ఆమెకు విముక్తి కలుగుతుంది. యజమానికి దక్కాల్సిన బాకీ అక్కడితో చెల్లిపోతుంది. ఇందులో మురిసిపోవాల్సిందేమీ లేదు. కూలి తీసుకుని పని చేయని స్త్రీకి బొటనవేలి శిక్ష చెప్పింది కూడా ఆ పుస్తకమే. పైగా అది ఇలా ఉండాలని చెప్పిన శాస్త్రం, ఇలా జరిగిందని చెప్పే చరిత్ర కాదు. అయినా అందులోని తర్కం గమనించదగ్గది. పనిచోట జరిగే లైంగిక వేధింపును అది పనిలో ఉన్న పెత్తనంతో ముడిపెట్టి చూసింది. ఆ పెత్తనానికి ఆధారమైన బాకీని, కూలిని ముట్టుకుంది. తర్వాత మనకు వచ్చిన చట్టాలు ఈ సంగతిని దాదాపుగా వదిలేశాయని, ఆడమనిషి ఒంటి మీద పడిన చేయిని చూసినంతగా ఆమె కూలి మీద ఉన్న చేయిని చూడలేదని, వాటి పరిమితులన్నిటికీ మూలం అదేనని నా వాదం.

1860లో వచ్చి 2024 దాకా అమల్లో ఉన్న భారత శిక్షాస్మృతితో మొదలుపెడదాం. దాని 354వ సెక్షన్ స్త్రీ శీలానికి భంగం కలిగించే ఉద్దేశంతో జరిగే దౌర్జన్యం గురించి, 509వ సెక్షన్ ఆమె శీలాన్ని అవమానించే మాట, సైగల గురించి చెప్పేవి. నూట యాభై ఏళ్లకు పైగా ఆఫీసులో, మిల్లులో, పొలంలో వేధింపుకు గురైన ఆడవాళ్లకు ఉన్న దిక్కు ప్రధానంగా ఈ రెండే. శీలం అంటే ఏమిటో శిక్షాస్మృతి చెప్పలేదు. చెప్పకపోవడంతో అది న్యాయమూర్తుల ఊహకు వదిలిన విషయమైంది. ఏడున్నర నెలల పసిపాపకు గాయం చేసిన కేసులో ఆ పాపకు శీలమనే స్పృహ ఉంటుందా అన్న ప్రశ్న 1966లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఉంటుందని మెజారిటీ తేల్చింది కాబట్టి సరిపోయింది గాని, ప్రశ్న అలా పుట్టడమే ఆ సెక్షన్ ఎటు చూస్తోందో చెబుతుంది. అది చూసింది స్త్రీ దగ్గర ఉన్న ఒక గుణాన్ని. చేసినవాడికి, ఆమెకు మధ్య ఉన్న సంబంధం దానికి అక్కర్లేదు. వీధిలో పోయే పోకిరి చేసినా, జీతం ఇచ్చే యజమాని చేసినా నేరం ఒకటే, శిక్ష ఒకటే. పోకిరిని తిట్టి ఆమె తన దారిన తాను పోవచ్చు. యజమాని దగ్గరికి మర్నాడు మళ్లీ వెళ్లాలి.

శిక్షాస్మృతి పుట్టిన ఏడే, 1860లోనే, మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాలు చెరకు తోటలకు ఒప్పంద కూలీల ఓడ బయలుదేరింది. వారిలో తెలుగువాళ్లున్నారు. 1903 నుంచి ఫిజీకి కూడా మద్రాసు నుంచి తెలుగు, తమిళ కూలీలు వెళ్లారు. ఆ అయిదేళ్ల ఒప్పందాన్ని కూలీలు గిర్మిట్ అన్నారు. 1912 ఏప్రిల్‌లో ఫిజీలోని రేవా ప్రాంతంలో ఒక అరటితోటలో కుంతి అనే ఉత్తరాది కూలీని తోటి ఆడవాళ్లకు దూరంగా, ఒంటరి చోట కలుపు తీయమని పంపారు. తర్వాత తెల్ల ఓవర్సీర్ అక్కడికి వచ్చాడు. ఆమె పరుగెత్తి నదిలో దూకింది. చిన్న పడవ మీద ఉన్న కుర్రవాడు ఆమెను కాపాడాడు. మరుసటి ఏడు ఆమె కథనం కలకత్తా హిందీ పత్రిక భారత్ మిత్రలో అచ్చయి దేశమంతా కలకలం రేగింది. వలస ప్రభుత్వం విచారణ జరిపి ఆమె చెప్పింది అబద్ధమని తేల్చేసింది. ఈ ఉదంతంలో ఓవర్సీర్ రావడానికి ముందు జరిగిన పని విభజనను చూడండి. ఎవరు ఎక్కడ పని చేయాలో చెప్పే అధికారం లేకపోతే ఆ దౌర్జన్యానికి చోటే దొరకదు. ఫిజీలో చట్టాలు లేకపోలేదు. కూలీలు ఓవర్సీర్ల మీద ఫిర్యాదు చేయవచ్చని కూడా ఉంది. కానీ పనికి రాని కూలీని జైల్లో పెట్టగల ఒప్పందం చేతిలో ఉన్నవాడి మీద ఫిర్యాదు అది. చివరికి అక్కడి ఆడవాళ్లకు కొంతైనా ఊపిరి తిరిగింది శిక్షల వల్ల కాదు. 1917లో కూలీల సేకరణ ఆగి, 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలు రద్దయి, ఆ పెత్తనమే పోవడం వల్ల.

తెలంగాణ దొరల గడీల కథ కూడా ఈ మాటనే బలపరుస్తుంది. వెట్టి అంటే మోట కొట్టడం, మూట మోయడం మాత్రమే అనుకుంటే సగమే తెలిసినట్టు. గడీలో ఊడవడం, దంచడం, నీళ్లు తోడడం ఆడవాళ్ల వంతు, కులాల వారీగా. దొర బిడ్డ పెళ్లయితే ఆమె వెంట అత్తవారింటికి పంపే ఆడబాపల గురించి, వాళ్లను ఉంపుడుగత్తెలుగా వాడుకోవడం గురించి పుచ్చలపల్లి సుందరయ్య తన సాయుధ పోరాట చరిత్రలో రాశారు. నిజాం సంస్థానానికి సొంత శిక్షాస్మృతి ఉండేది. అందులో అత్యాచారం నేరమే. కానీ ఊళ్లో ఫిర్యాదు అందుకోవాల్సిన పోలీసు పటేలు, భూమి లెక్క రాసే పట్వారీ దొర మనుషులు, కొన్ని ఊళ్లలో దొరలే. ఎవరి మీద చెప్పుకోవాలో వాడికే చెప్పుకోవాలి. 1940లలో ఆ సాయుధ పోరాటం నడిపిన సంఘం వెట్టిని ఆపించిన ఊళ్లలో గడీ వాకిలి తొక్కాల్సిన అవసరం తప్పింది, దానితో పాటు గడీ లోపల జరిగేదీ తగ్గింది. సంఘంలోనూ, దళాల్లోనూ ఆడవాళ్లకు అన్నీ సవ్యంగా జరగలేదని స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన మనకు తెలియని మన చరిత్రలో ఆ పోరాట స్త్రీలే చెప్పారు. పెత్తనం చేతులు మారితే దాని గుణం మారిపోదని అందులోని గొంతులు గుర్తుచేస్తాయి. నా వాదానికి అది అడ్డు రాదు, నిజానికి తోడ్పడుతుంది.

స్వతంత్ర భారతంలో ఈ సంగతి తేల్చుకోవడానికి రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ 1988 వానకాలంలో ఒక నెల తేడాతో జరిగాయి. జూలై 18న చండీగఢ్‌లో ఒక విందులో పంజాబ్ డీజీపీ కె.పి.ఎస్. గిల్ ఐఏఎస్ అధికారి రూపన్ డియోల్ బజాజ్‌తో అసభ్యంగా ప్రవర్తించారు. ఆమె పై అధికారులకు చెప్పుకున్నారు. ఎవరూ కదలలేదు. పోలీసు కేసు పెట్టారు. 1989లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. మామూలు మనిషి ఎవరూ ఫిర్యాదు చేయనంత స్వల్పమైన హాని నేరం కాదని చెప్పే 95వ సెక్షన్‌ను అందుకు వాడుకుంది. ఆ ఏడే గిల్‌కు పద్మశ్రీ వచ్చింది. తర్వాత ఆయన రెండోసారి పంజాబ్ డీజీపీ అయ్యారు. 1995 అక్టోబరులో సుప్రీంకోర్టు కేసును మళ్లీ నిలబెట్టింది, ఏడాది చివర ఆయన పదవీ విరమణ చేశారు, 1996 జనవరి మొదటి వారంలో మేజిస్ట్రేటు ఆయనను దోషిగా తేల్చి జైలుశిక్ష వేశారు. అప్పీలులో జైలు పోయి మంచి నడవడి షరతు, జరిమానా మిగిలాయి. సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసేసరికి 2005. పదిహేడేళ్లు. ఫిర్యాదు చేసింది ఐఏఎస్ అధికారి కాబట్టి అంత దూరమైనా వెళ్లగలిగింది. పదవిలో ఉన్నన్నాళ్లూ ఆయన ఉద్యోగం మీద మాత్రం చట్టం నీడ పడలేదు.

రెండోది ఆగస్టులో ఢిల్లీలో జరిగింది. దుస్తుల ఎగుమతుల ప్రోత్సాహక మండలిలో ఛైర్మన్ ప్రైవేటు కార్యదర్శి ఒక మహిళా క్లర్కును డిక్టేషన్ పేరుతో హోటల్ బిజినెస్ సెంటర్‌కు తీసుకెళ్లి వేధించాడు. ఆమె ఫిర్యాదు చేయగానే సంస్థ అతడిని సస్పెండు చేసింది. శాఖాపరమైన విచారణ జరిపి 1989 జూన్‌కల్లా ఉద్యోగం నుంచి తొలగించింది. అతడు ఒంటి మీద చేయి వేయడానికి ప్రయత్నించాడే గాని నిజంగా వేయలేదు కదా అంటూ ఢిల్లీ హైకోర్టు అతడిని తిరిగి తీసుకోమంది. ఇక్కడ కూడా చూడండి, కోర్టు వెతికింది చేయిని. 1999 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి, తాకడం జరిగిందా లేదా అన్నది ఇందులో ముఖ్యం కాదని, తొలగింపు సరైనదేనని చెప్పింది. కింది స్థాయి క్లర్కు పది నెలల్లో సాధించుకున్నది పై స్థాయి అధికారి పదిహేడేళ్లలో సాధించుకోలేకపోయారు. తేడా మనుషుల్లో లేదు, దారిలో ఉంది. ఒకామె శిక్షాస్మృతి దారిన వెళ్లారు, ఇంకొకామె ఉద్యోగ నియమాల దారిన. రెండో దారిలో యజమానే, అంటే ఆ మండలి, తన చేతిలో ఉన్న పెత్తనాన్ని వేధించినవాడి మీదికి తిప్పింది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ యజమాని మంచిదైతేనే ఈ దారి పని చేస్తుంది. వేధించింది కార్యదర్శి కాకుండా యజమానే అయితే ఈ దారి మొదట్లోనే మూసుకుపోతుంది.

ఈ రెండు కేసుల మధ్య నుంచే భన్వరీ దేవి కథ నడిచింది. ఆ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నా అందులో ఒక అంశం మరుగున పడిపోతూనే ఉంది. జైపూర్‌కు కొద్ది దూరంలోని భటేరీ గ్రామంలో ఆమె సాథిన్. రాజస్థాన్ ప్రభుత్వం 1984లో మొదలుపెట్టిన మహిళాభివృద్ధి కార్యక్రమంలో ఊరి స్థాయి కార్యకర్త. కుమ్మరి కులస్తురాలు. బాల్యవివాహాలు ఆపమని పై నుంచి ఉత్తర్వు వస్తే 1992లో ఊళ్లో పెద్ద కులం ఇంట ఏడాది నిండని పాపకు తలపెట్టిన పెళ్లిని ఆపడానికి ప్రయత్నించారు. పోలీసులు ఆ రోజు వచ్చిపోయారు, పెళ్లి మర్నాడు జరిగిపోయింది. ఊరు ఆమె కుటుంబాన్ని వెలివేసింది. వాళ్ల కుండలు కొనేవాళ్లు లేరు, పాలు పోసేవాళ్లు లేరు. సెప్టెంబరు 22న పొలంలో భర్తను కొట్టి అయిదుగురు ఆమెపై దౌర్జన్యం చేశారు. వైద్య పరీక్ష రెండు రోజులకు గాని జరగలేదు. 1995 నవంబరులో జైపూర్ సెషన్స్ కోర్టు అత్యాచార నేరాన్ని కొట్టేసింది. అగ్రకులం మగవాళ్లు తక్కువ కులం స్త్రీని ముట్టుకుని మైల పడరని, దగ్గరి బంధువులు కలిసి ఇలాంటి పని చేయరని, కట్టుకున్నవాడు చూస్తూ ఊరుకోడని అందులో తర్కాలు నడిచాయి. వీటి మీద కోపం రావడం సహజం. అయితే ఆ కోపంలో మనం వదిలేసేది ఇది. ఆమెకు ఆ గతి పట్టించింది ప్రభుత్వం అప్పగించిన పని. సెప్టెంబరుకు ముందు నెలల తరబడి బెదిరింపులు వస్తూనే ఉన్నాయి. పని అప్పగించిన ప్రభుత్వం ఏ రక్షణా ఇవ్వలేదు, తర్వాత తనకు సంబంధం లేదంది. సాథిన్‌కు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. అంటే ప్రభుత్వం లెక్కలో ఆమె ఉద్యోగి కాదు. ఉద్యోగి కానప్పుడు యజమాని కూడా లేడు.

మహిళా సంఘాలు విశాఖ పేరుతో సుప్రీంకోర్టుకు వెళ్లింది ఈ యజమానిని పట్టుకోవడానికే. 1997 ఆగస్టు 13న ప్రధాన న్యాయమూర్తి జె.ఎస్. వర్మ, సుజాతా మనోహర్, బి.ఎన్. కిర్పాల్‌ల ధర్మాసనం ఇచ్చిన తీర్పు నిజంగా పెద్ద మలుపు. పనిచోట లైంగిక వేధింపు సమానత్వానికి, జీవించే హక్కుకు, ఏ వృత్తి అయినా చేసుకునే స్వేచ్ఛకు భంగమని అది చెప్పింది. శీలం మాట పక్కకు పోయి, పని చేసుకునే హక్కు ముందుకు వచ్చింది. దేశంలో చట్టం లేదు కాబట్టి 1993లో భారత్ ఆమోదించిన అంతర్జాతీయ ఒడంబడికను ఆధారం చేసుకుని, చట్టం వచ్చేదాకా అమలు కావాల్సిన మార్గదర్శకాలు రాసింది. ప్రతి సంస్థలో స్త్రీ అధ్యక్షతన ఫిర్యాదుల కమిటీ, అందులో సగానికి తగ్గకుండా ఆడవాళ్లు, బయటి సంస్థ నుంచి ఒకరు. ఇదే తీర్పు భన్వరీ దేవి కేసును ఒక్క ముక్కలో ప్రస్తావించి, అది వేరే క్రిమినల్ కేసు కాబట్టి ఇక మాట్లాడనవసరం లేదని పక్కన పెట్టింది. న్యాయశాస్త్ర మర్యాద ప్రకారం అది సరే. కాని దాని ఫలితం విచిత్రంగా తేలింది. పొలంలో, ఊరి మధ్యన, కులం బలంతో జరిగిన దౌర్జన్యం నుంచి పుట్టిన తీర్పు ఆఫీసు గదికి సరిపోయే కమిటీని కనిపెట్టింది. భన్వరీ దేవి ఆ కమిటీ ముందు నిలబడాలంటే అది ఎక్కడ కూర్చుంటుంది, భటేరీలోనా? ఆమె అప్పీలు రాజస్థాన్ హైకోర్టులో ఏళ్లూ పూళ్లూ నానింది. 2007 నాటికి ఒక్కసారి విచారణకు వచ్చింది. అప్పటికే నిందితుల్లో ఇద్దరు చనిపోయారు.

చట్టం రావడానికి ఇంకో పదహారేళ్లు పట్టింది. మార్గదర్శకాలు అమలు కావడం లేదని మేధా కొత్వాల్ లేలే వేసిన కేసులో 2012లో సుప్రీంకోర్టే ఒప్పుకుంది. 2012 సెప్టెంబరులో బిల్లు లోక్‌సభ దాటింది, 2013 ఫిబ్రవరిలో రాజ్యసభ దాటింది. ఈ రెండింటి మధ్య, ఢిల్లీ బస్సులో జరిగిన సామూహిక అత్యాచారం తర్వాత వేసిన కమిటీ జనవరి 23న నివేదిక ఇచ్చింది. దాని అధ్యక్షుడు మళ్లీ జె.ఎస్. వర్మే. 1997లో కమిటీల పద్ధతి కనిపెట్టిన న్యాయమూర్తే పదహారేళ్ల తర్వాత ఆ పద్ధతి చాలదన్నారు. సంస్థ లోపలి కమిటీ ఉంటే ఫిర్యాదులు లోపలే అణిగిపోతాయని, దాని బదులు బయట ఉద్యోగ ట్రిబ్యునల్ పెట్టాలని, అబద్ధపు ఫిర్యాదుకు శిక్ష అన్న నిబంధన తీసేయాలని నివేదిక సూచించింది. ఈ చరిత్ర మొత్తంలో ఇంతకంటే బరువైన సాక్ష్యం నాకు కనిపించదు. నెల దాటిన కొద్ది రోజులకే రాజ్యసభ బిల్లును ఆ మార్పులేవీ లేకుండా ఆమోదించింది.

2013 చట్టంలో మంచి లేదని నేను అనను. జీతం ఉన్నా లేకున్నా, స్వచ్ఛందంగా పని చేసినా ఉద్యోగే అని అది నిర్వచించింది. గౌరవ వేతనం మాటున దాక్కునే దారిని అలా మూసింది. అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వ ఉద్యోగులు కారని 2006లో సుప్రీంకోర్టు చెప్పిన దేశంలో ఇది చిన్న సంగతి కాదు. విచారణ సాగినన్నాళ్లు నిందితుడు ఆమె పనితీరు మీద నివేదిక రాయకూడదని, రహస్య నివేదిక వేరే అధికారికి అప్పగించాలని, ఆమె కోరితే కమిటీ సిఫార్సు చేయవచ్చని దాని నియమాల్లో ఉంది. పెత్తనం ఎక్కడుందో చట్టం సరిగ్గా చూసిన చోటు ఇదొక్కటే. కాని రహస్య నివేదిక ఉండేది నెల జీతగాళ్లకు. మిరప కోతకు వచ్చిన ముఠాలో హాజరు వేసే మేస్త్రి, కట్టిన బీడీల్లో ఏవి పనికిరావో తేల్చే కమీషన్‌దారు, ఇటుక బట్టీలో అడ్వాన్సు లెక్క చూసే సర్దారు ఏ నివేదికా రాయరు. వాళ్ల నోటిమాటే లెక్క. పదిమంది కంటే తక్కువ పని చేసే చోట, లేదా యజమాని మీదే ఫిర్యాదు అయినప్పుడు జిల్లాకో స్థానిక కమిటీ ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పెంచవచ్చు. ఒడిశా నుంచి తెలంగాణ బట్టీలకు వచ్చే కుటుంబాలు అడ్వాన్సు తీసుకుని వస్తాయి, శీతాకాలం మొదట్లో వచ్చి ఎండలు ముదిరేదాకా ఉంటాయి. డిసెంబరులో జరిగినదానికి మామూలు గడువు మార్చితో తీరిపోతుంది. అప్పు తీరేది మేలో. ఆ పెత్తనం కింద ఉన్నన్నాళ్లూ నోరు విప్పలేనామెకు, బయటపడేసరికి, కమిటీ గడువు పెంచితే తప్ప, చట్టం తలుపు మూసేస్తుంది. శిక్షా చట్టంలోని తీవ్ర నేరాలకు లేని గడువు దీనికి ఎందుకు పెట్టినట్టు?

ఇళ్లలో పని చేసేవాళ్ల సంగతి మరీ అన్యాయం. మొదటి బిల్లు వాళ్లను పూర్తిగా వదిలేసింది. పార్లమెంటు స్థాయీ సంఘం అడిగాక చేర్చారు. చేర్చిన తీరు చూడండి. మిగతావాళ్ల ఫిర్యాదు మీద కమిటీ విచారణ జరిపి, నష్టపరిహారం ఇప్పించి, బదిలీ సిఫార్సు చేయవచ్చు. ఇంటి పనిమనిషి ఫిర్యాదులో ప్రాథమికంగా పస ఉందనిపిస్తే మాత్రం స్థానిక కమిటీ దాన్ని ఏడు రోజుల్లో పోలీసులకు పంపాలి, శిక్షాస్మృతి 509వ సెక్షన్ కింద కేసు నమోదు చేయడానికి అని చట్టం రాసింది. అంటే 1860 నాటి శీలం దగ్గరికే మళ్లీ. పోయిన జీతం, పోయిన పని, ఆ వీధిలో నాలుగిళ్లకు పాకే చెడ్డపేరు ఆ సెక్షన్ పరిధిలోకి రావు.

నా వాదానికి గట్టి అభ్యంతరాలున్నాయి. అందరూ అనేది, అబద్ధపు ఫిర్యాదులతో మగవాళ్ల బతుకులు పోతాయని. కూలి మీద పెత్తనం ముఖ్యమని వాదిస్తున్నవాడు మగవాడి ఉద్యోగం పోవడాన్ని తేలిగ్గా తీసుకోలేడు. ఆ మాట నిజం. 2023 మేలో సుప్రీంకోర్టు గోవా విశ్వవిద్యాలయ అధ్యాపకుడి తొలగింపును రద్దు చేసింది, ఆయన నిర్దోషి అని తేలినందుకు కాదు, కమిటీ విచారణను హడావుడిగా ముగించి తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వనందుకు. అదే తీర్పులో దేశంలోని 30 జాతీయ క్రీడా సమాఖ్యల్లో 16 అసలు కమిటీయే వేయలేదన్న పత్రికా కథనాన్ని ప్రస్తావించి చట్టం అమలు తీరు మీద ఆవేదన చెందింది. న్యాయం తెలియని, యజమాని నియమించిన కమిటీ ఇద్దరికీ చేటు చేస్తుంది. ఫిర్యాదీని భయపెట్టి పంపేస్తుంది, లేదా నిందితుడిని తొందరపడి పంపేస్తుంది. సంస్థ పరువుకు ఏది అనువుగా ఉంటే అది. అబద్ధపు ఫిర్యాదుకు శిక్ష పెట్టిన 14వ సెక్షన్ ఇందులో ఎవరికీ మేలు చేయదు. రుజువు చేయలేకపోవడం, అబద్ధమాడడం ఒకటి కాదని ఆ సెక్షనే చెబుతుంది గాని, కమిటీ ముందు వణుకుతూ కూర్చున్న జూనియర్ ఉద్యోగికి ఆ సన్నని గీత కనపడదు.

రెండో అభ్యంతరం నాకు మరింత గట్టిగా అనిపిస్తుంది. లేబర్ కోర్టుల నత్తనడక చూసి కూడా ట్రిబ్యునల్ కావాలంటారా అని. లోపలి కమిటీ తొంభై రోజుల్లో తేలుస్తుంది, చాలామంది ఆడవాళ్లు కోరేది అతగాడి చేష్టలు ఆగిపోవాలని, కోర్టు మెట్లు ఎక్కాలని కాదు. ఇది కొట్టిపారేయలేని మాట. విచారణ దగ్గరగా, త్వరగా జరగాలన్నదానితో నాకు పేచీ లేదు. పేచీ అంతా నియామకం మీద. కమిటీ అధ్యక్షురాలు అదే సంస్థ ఉద్యోగి, మిగతా సభ్యులు కూడా, బయటి సభ్యురాలికి ఫీజు ఇచ్చేదీ ఆ యజమానే. వాళ్ల కూలి పట్టీ కూడా అదే చేతిలో ఉంది. కమిటీని యజమాని వేయకుండా జిల్లా స్థాయిలో కార్మిక శాఖకు, న్యాయ సేవాధికార సంస్థకు వదిలి, సంస్థలోనే కూర్చోబెట్టవచ్చు. దూరం పెరగదు, లోబడి ఉండాల్సిన అవసరం తగ్గుతుంది.

సినిమా పరిశ్రమ ఇందుకు ఉదాహరణ. అక్కడ యజమాని అనేవాడు సినిమాకొకడు మారతాడు, ఉద్యోగం షెడ్యూలు వరకే, తర్వాతి అవకాశం నోటిమాట మీద నడుస్తుంది. మలయాళ సినిమా మీద కేరళ ప్రభుత్వం 2017లో వేసిన జస్టిస్ హేమ కమిటీలో మన తెనాలి ఆడపడుచు శారద సభ్యురాలు. 2019 చివర ఇచ్చిన నివేదికలో ఆ కమిటీ, షూటింగ్ యూనిట్లలో అంతర్గత కమిటీలు వేసినా వాటిని పలుకుబడి గలవాళ్లు లొంగదీసుకుంటారని, ప్రత్యేక చట్టంతో స్వతంత్ర ట్రిబ్యునల్ కావాలని చెప్పింది. వర్మ కమిటీ దాదాపు ఏడేళ్ల ముందు చెప్పిందే, వేరే రంగంలో, వేరే మనుషుల నోట. ఆ నివేదిక దాదాపు అయిదేళ్లు బీరువాలో ఉండి 2024 ఆగస్టులో, కొన్ని పేజీలు తీసేశాక, బయటికి వచ్చింది. హైదరాబాద్‌లో 2018 ఏప్రిల్‌లో ఒక నటి ఫిల్మ్ ఛాంబర్ ముందు చేసిన నిరసన తర్వాత తెలంగాణ ప్రభుత్వం కూడా కమిటీ వేసింది. దాని ఉపసంఘం నివేదిక తయారుచేసి ఇచ్చింది. కేరళ నివేదిక బయటికి వచ్చిన ఆ ఆగస్టులోనే, మన నివేదికను కూడా బయటపెట్టండని నటి సమంత, వాయిస్ ఆఫ్ విమెన్ బృందం ప్రభుత్వాన్ని అడగాల్సి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి జిల్లాకు అధికారిని నియమించమని, స్థానిక కమిటీలు వేయమని రాష్ట్రాలకు గడువులు పెట్టింది. ఆ అధికారి, ఆ కమిటీ 2013 డిసెంబరు నుంచి చట్టంలో ఉన్నవే.